పాత అంబాసిడర్ ఇంజన్‌లో దొడ్డిదారి గాలి: లీకు ఎక్కడుందో పట్టుకోవడం, మూయడం

ఈ వారం ఘనజీవామృతం గురించి కాదు, సరుకు మోసే బండి గురించి మాట్లాడుకుందాం. శంకర్‌పల్లి దగ్గర కౌలుకు తీసుకున్న మడుల్లో పండిన ఆకుకూరలు, టమాట, బీర ప్రతి శనివారం పుప్పాలగూడ అపార్ట్‌మెంట్లకు తెస్తానని మీకు తెలుసు కదా. ఆ తెచ్చేది మా ఇంటి పాత అంబాసిడర్‌లో. 1980ల నాటి మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ ఇంజన్. వెనక సీటు తీసేస్తే పన్నెండు క్రేట్లు పడతాయి.

ఈ బండికి వచ్చిన ఒక జబ్బు, దాన్ని వెతికిన పద్ధతి, మూసిన పద్ధతి మొత్తం పైన వీడియోలో ఉంది. వీడియోలో చేతులే ఎక్కువ కనిపిస్తాయి, కారణాలు తక్కువ. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అంబాసిడర్ లేకపోయినా చదవండి. పాత పద్మిని, కార్బురేటర్ ఉన్న మారుతి 800, పెట్రోల్ జీపు, చివరికి పవర్ వీడర్ మీద ఉండే చిన్న పెట్రోల్ ఇంజన్, అన్నిటికీ సూత్రం ఒకటే.

జబ్బు ఏంటంటే, రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు బండి బాగానే ఉంటుంది. మోకిల, కోకాపేట దాటి నార్సింగి సిగ్నల్ దగ్గర ఆగగానే వణుకు మొదలవుతుంది. ఐడ్లింగ్ నిలవదు, ఆగిపోతుంది. ఒక షెడ్డులో చూపిస్తే కార్బురేటర్ స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచి పంపారు. రెండు వారాలు బాగుంది, మళ్లీ మొదలు. ఇంకో షెడ్డులో కార్బురేటరే మార్చేయమన్నారు.

చివరికి పాత బండ్లు మాత్రమే చూసే ఒక మెకానిక్ చాచా బానెట్ తెరిచి ఒక్క మాట అన్నాడు: "పంపుకు గాలి పడితే కొత్త మోటర్ కొంటరా? ముందు జాయింట్లు చూస్తరు గదా. ఇదీ అంతే బేటా."

అసలు విషయమంతా ఆ మాటలోనే ఉంది.

లీకు అంటే కారేదే కాదు, దూరేది కూడా

బావి మీద మోనోబ్లాక్ పంపు ఉన్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. డెలివరీ పైపు లీకైతే నీళ్లు కారతాయి, కంటికి కనిపిస్తుంది. సక్షన్ పైపు లీకైతే చుక్క కూడా కారదు, గాలి లోపలికి దూరుతుంది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం రావు. తడి మరక ఉండదు కాబట్టి కళ్లతో దొరకదు.

పెట్రోల్ ఇంజన్ కూడా ఒక సక్షన్ పంపే. పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలిని పీలుస్తుంది. ఆ గాలి కార్బురేటర్‌లోని సన్నని మెడ గుండా పోతూ పెట్రోల్‌ను లాక్కుంటుంది. మన డ్రిప్‌లో జీవామృతం లాక్కునే వెంచురీ ఎలా పనిచేస్తుందో అచ్చం అలాగే. ఎంత గాలి ఆ మెడ గుండా పోతే అంత పెట్రోల్ కలుస్తుంది. లెక్క అంతా అక్కడే జరుగుతుంది.

ఇప్పుడు కార్బురేటర్ తర్వాత, అంటే దానికీ ఇంజన్ హెడ్‌కీ మధ్యలో ఎక్కడో ఒక సందు ఉందనుకోండి. ఆ సందులోంచి దూరిన గాలి కార్బురేటర్ లెక్కలోకి రాదు, దాంతో పెట్రోల్ కలవదు. దొడ్డిదారిన వచ్చిన గాలి అన్నమాట. సిలిండర్‌లోకి చేరేసరికి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. దీన్నే మెకానిక్‌లు లీన్ మిక్స్చర్ అంటారు.

ఐడ్లింగ్‌లోనే ఎందుకు ఏడిపిస్తుంది?

చిన్న లెక్క వేద్దాం, సుమారుగానే. 1489 సీసీ ఇంజన్ నిమిషానికి 800 తిరుగుళ్ల మీద ఐడ్లింగ్‌లో ఉంది. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు తిరుగుళ్లకు ఒకసారి నాలుగు సిలిండర్లూ నిండుతాయి. అంటే నిమిషానికి దాదాపు 600 లీటర్ల చోటు. థ్రాటిల్ పలక దాదాపు మూసి ఉంటుంది కాబట్టి లోపలి గాలి పలచగా ఉంటుంది. బయటి గాలి లెక్కలో చూస్తే అందులో మూడో వంతు, అంటే 200 లీటర్లు.

ఇప్పుడు మానిఫోల్డ్‌కు 3 మి.మీ. రంధ్రం ఉందనుకోండి, జొన్న గింజ కన్నా చిన్నది. ఐడ్లింగ్‌లో లోపల ఉండే లాగుడుకు ఆ రంధ్రం గుండా నిమిషానికి సుమారు 60 లీటర్ల గాలి దూరుతుంది. 200 లీటర్ల చోట 60 అంటే తక్కువేం కాదు. ఇంజన్ ఎలా నిలుస్తుంది?

అదే బండి రోడ్డు మీద 2500 తిరుగుళ్ల దగ్గర నిమిషానికి వెయ్యి లీటర్ల దాకా పీలుస్తుంది. అక్కడ ఆ 60 లీటర్లు ఆరు శాతం చుట్టుపక్కల. పైగా థ్రాటిల్ తెరిచిన కొద్దీ లోపలి లాగుడు తగ్గుతుంది, దూరే గాలీ తగ్గుతుంది. అందుకే హైవే మీద బండి బుద్ధిమంతుడు, సిగ్నల్ దగ్గర మొండివాడు. సాయంత్రం ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వదిలే టైములో పుప్పాలగూడలోకి వచ్చే బండి సగం సేపు ఐడ్లింగ్‌లోనే ఉంటుంది మరి.

ఈ గుర్తులు ఉంటే అనుమానించండి

- ఇంజన్ వేడెక్కాక కూడా చోక్ కొంచెం లాగి ఉంచితేనే నిలవడం. చోక్ లాగితే మిక్స్చర్ చిక్కబడుతుంది, లీకు తాత్కాలికంగా కప్పబడుతుంది. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే.
- ఐడ్లింగ్ ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. స్క్రూ ఎంత తిప్పినా కుదురుకోకపోవడం.
- రేస్ ఇవ్వగానే ఒక క్షణం తడబాటు, కార్బురేటర్ నోట్లోంచి తుమ్మినట్టు శబ్దం.
- యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపట.
- తాళం ఆఫ్ చేసినా ఇంజన్ నాలుగైదు సార్లు కొట్టుకుని ఆగడం.
- స్పార్క్ ప్లగ్ కొన తెల్లగా, సున్నం రాసినట్టు ఉండడం. ఆరోగ్యంగా ఉంటే లేత గోధుమ రంగులో ఉంటుంది.

వీటిని నెలల తరబడి వదిలేస్తే ఏమవుతుంది? పలచటి మిక్స్చర్ నెమ్మదిగా మండుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకునేటప్పటికీ ఇంకా మండుతూనే ఉంటుంది. వాల్వ్ అంచు కాలిపోతుంది. అప్పుడు హెడ్ దించాలి. వందల్లో పోయే గాస్కెట్ పని వేలల్లోకి వెళ్తుంది, పంట కోతల మధ్యలో బండి పది రోజులు షెడ్డులో ఉంటుంది.

స్క్రూ తిప్పి పెట్రోల్ పెంచితే సరిపోదా అని అడుగుతారు. ఆకు పసుపెక్కింది కదా అని వేరు చూడకుండా యూరియా చల్లినట్టే అది. నాలుగు రోజులు పచ్చబడుతుంది. పైగా లీకు ఒక సిలిండర్ దగ్గర ఉంటే, స్క్రూ తిప్పినప్పుడు నాలుగింటికీ పెట్రోల్ పెరుగుతుంది. ఒకటి ఎండుతూనే ఉంటుంది, మిగతావి మసి పడతాయి. పొల్యూషన్ పరీక్షలోనూ ఇది బయటపడుతుంది. భారత్ స్టేజ్-2కి ముందు నాటి పెట్రోల్ కార్లకు ఐడ్లింగ్‌లో సీఓ 3 శాతం, హెచ్‌సీ 1500 పీపీఎం దాటకూడదు. లీకు వదిలేస్తే మండని పెట్రోల్ వల్ల హెచ్‌సీ పెరుగుతుంది, స్క్రూతో కప్పితే సీఓ పెరుగుతుంది. ఎటు చూసినా ఇబ్బందే.

మొదలు పెట్టే ముందు జాగ్రత్తలు

బండి ఆరుబయట పెట్టండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజన్ స్టార్ట్ చేసి పరీక్షలు చేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, చక్రాలకు రాళ్లు. అంబాసిడర్ ఫ్యాన్ ఇంజన్‌తో పాటే తిరుగుతుంది, కాబట్టి మెడలో కండువా, చున్నీ, వదులు చొక్కా చేతులు ఉండకూడదు.

లీకు కనిపెట్టడానికి కొందరు జాయింట్ల మీద పెట్రోల్ చల్లుతారు. చేయకండి. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండు మానిఫోల్డ్‌లూ ఒకే పక్కన, పక్కపక్కనే ఉంటాయి. ఎర్రగా కాలే ఇనుము మీద పెట్రోల్ పోయడమే అవుతుంది. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కూడా మండేదే. మంట లేకుండా చేసే పద్ధతులు ఉండగా దాని అవసరం లేదు.

వెతికే క్రమం

1. ప్లగ్‌లు చదవండి. పది కిలోమీటర్లు నడిపి, చల్లారాక నాలుగు ప్లగ్‌లూ విప్పి వరుసగా పెట్టండి. ఈ బీ-సిరీస్ ఇంజన్ హెడ్‌లో ఒక విశేషం ఉంది. నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ దారులు రెండే. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4 సిలిండర్లకు ఒకటి. కాబట్టి 1, 2 ప్లగ్‌లు తెల్లగా ఉండి 3, 4 గోధుమ రంగులో ఉంటే లీకు ముందు దారి దగ్గర. తిరగేసి ఉంటే వెనక దారి దగ్గర. నాలుగూ తెల్లగా ఉంటే లీకు అందరికీ ఉమ్మడి చోట, అంటే కార్బురేటర్ అడుగు గాస్కెట్, థ్రాటిల్ స్పిండిల్, లేదా ఏదైనా పైపు. ఒక్క పరికరం లేకుండా సగం వెతుకులాట ఇక్కడే అయిపోతుంది. 1990లలో వచ్చిన ఇసుజు 1800 ఇంజన్ అంబాసిడర్‌కు ఈ లెక్క వర్తించదు.

2. చెవి పెట్టండి. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా రెండు అడుగుల డ్రిప్ లాటరల్ ముక్క ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస జాయింట్ల వెంట తిప్పండి. లీకు దగ్గర 'స్స్' అని సన్నగా వినిపిస్తుంది. పాలు పితికే మిషన్ వాడేవాళ్లకు ఆ చప్పుడు తెలుసు, పొదుగు నుంచి కప్పు జారినప్పుడు వచ్చేది అదే. పైపు కొస ఫ్యాన్ వైపు పోనివ్వకండి.

3. పైపులు ఒక్కొక్కటే మూయండి. డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వ్యాక్యూమ్ గొట్టం, బ్రేక్ బూస్టర్ ఉన్న మోడల్ అయితే దాని లావు పైపు. ఒకసారి ఒకటే తీసి, కార్బురేటర్ లేదా మానిఫోల్డ్ వైపు కొసను మూసి చూడండి. మూయగానే ఐడ్లింగ్ కుదుటపడితే దోషం ఆ దారిలో ఉంది.

డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న గుండ్రటి డబ్బాలో పలచటి పొర ఉంటుంది. అది చిరిగిందో లేదో తెలుసుకోవడానికి, ఇంజన్ ఆపి, గొట్టాన్ని డిస్ట్రిబ్యూటర్ వైపు ఉంచి రెండో కొస తుడిచి నోటితో పీల్చి నాలుకతో మూయండి. నాలుక పట్టుకుని ఉంటే పొర బాగుంది. వెంటనే వదిలేస్తే చిరిగింది.

4. నీటి పొగమంచు. చేతి స్ప్రేయర్‌లో మంచి నీళ్లు పోయండి. వేపనూనె, కషాయం కొట్టిన బాటిల్ అయితే బాగా కడగండి. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడే చేయండి. బాగా కాలిన పోత ఇనుము మీద నీళ్లు పడితే పగులుతుంది. నాజిల్ సన్నని పొగమంచులా పెట్టి, ఒక్కో జాయింట్ మీద ఒక్క పిచికారీ, తర్వాత అయిదు సెకన్లు ఆగడం. నీరు ఆ సందును ఒక క్షణం మూస్తుంది, ఇంజన్ చప్పుడు మారుతుంది. మారిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఈ ఇంజన్‌లో డిస్ట్రిబ్యూటర్, ప్లగ్‌లు అవతలి పక్కన ఉంటాయి కాబట్టి పని సులువే, అయినా అటు నీళ్లు పోనివ్వకండి. తడిస్తే మిస్సింగ్ కొట్టి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

వీడియోలో మీరు చూసింది ఇదే. కార్బురేటర్ అడుగున కొట్టినప్పుడు మార్పు లేదు. వెనక ఇన్‌లెట్ దారి కింది అంచున కొట్టగానే ఇంజన్ స్వరం మారింది. 3, 4 ప్లగ్‌లు ముందే అదే చెప్పాయి.

5. కుంకుడు నురగ. చప్పుడు తేడా పట్టలేకపోతే ఇది చేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ వైరు తీసేయాలి. కార్బురేటర్ నోటికి మందపాటి రబ్బరు ముక్క గట్టిగా అదిమి, మానిఫోల్డ్ మీదున్న ట్యాపింగ్ గుండా సైకిల్ పంపుతో మెల్లగా గాలి పంపండి. ఒకటి రెండు పీఎస్ఐ చాలు. కొంత గాలి వాల్వ్‌ల గుండా పోతుంది, పోనివ్వండి, ఒకరు పంపు కొడుతూనే ఉండాలి. పిచికారీలో జిగురు కోసం వాడే కుంకుడు నురగే జాయింట్ల మీద బ్రష్‌తో రాయండి. సందు ఉన్నచోట బుడగలు లేస్తాయి. ట్యూబు పంచర్ వెతికినట్టే.

పెద్ద గ్యారేజీల్లో పొగ మిషన్ పెట్టి చూపిస్తారు, అది మంచి పద్ధతే. కానీ ఇంట్లో సాంబ్రాణి ధూపం, తేనెటీగల స్మోకర్ పెట్టి ప్రయత్నించకండి. మానిఫోల్డ్‌లో పెట్రోల్ ఆవిరి ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

6. స్పిండిల్ ఊపి చూడండి. థ్రాటిల్ పలకను మోసే సన్నటి కడ్డీ కార్బురేటర్ అడుగు భాగంలో రెండు పక్కలా బయటికి వస్తుంది. దాన్ని పక్కకు నెట్టి చూడండి. ఐడ్లింగ్‌లో అలా నెట్టినప్పుడు వేగం మారితే, అక్కడ అరుగుదల వల్ల గాలి దూరుతోంది. నలభై ఏళ్ల కార్బురేటర్‌లో ఇది చాలా మామూలు. గాస్కెట్‌లు ఎన్ని మార్చినా పోదు.

గేజ్ ఉంటే ఇంకా మంచిది, కానీ మన ఎత్తు మర్చిపోకండి

వ్యాక్యూమ్ గేజ్ కొనక్కర్లేదు. ఏసీ మెకానిక్ దగ్గరుండే నీలం రంగు గేజ్‌లో సున్నా కింద పాదరసం అంగుళాల్లో వ్యాక్యూమ్ గీతలు ఉంటాయి, ఒక గంట అడిగి తెచ్చుకోండి. మానిఫోల్డ్‌కు నేరుగా ఉన్న ట్యాపింగ్‌కే తగిలించాలి. డిస్ట్రిబ్యూటర్ గొట్టం తగిలే చోట పెడితే చాలా కార్బురేటర్లలో ఐడ్లింగ్‌లో ఏమీ చూపించదు, ఎందుకంటే ఆ రంధ్రం థ్రాటిల్ పలకకు పైన ఉంటుంది.

పుస్తకాల్లో మంచి ఇంజన్‌కు 17 నుంచి 21 అంగుళాలు అని ఉంటుంది. అది సముద్ర మట్టం దగ్గరి లెక్క. వెయ్యి అడుగులు ఎక్కితే దాదాపు ఒక అంగుళం తగ్గుతుంది. హైదరాబాద్ 1800 అడుగుల చుట్టుపక్కల ఎత్తులో ఉంది. కాబట్టి మన దగ్గర 15 నుంచి 19 వస్తే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టే. మచిలీపట్నంలో ఉన్న మిత్రుడి కారుతో పోల్చి కంగారు పడకండి.

ముల్లు కదలకుండా 10, 12 దగ్గర నిలబడితే లీకు గానీ, ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడి ఉండడం గానీ. అందుకే టైమింగ్ ముందే సరిచూసుకోండి. ముల్లు లయగా టక్ టక్ అని పడిపోతుంటే అది గాలి లీకు కాదు, వాల్వ్ సమస్య. వాల్వ్ గైడ్‌లు అరిగినా అక్కడి నుంచి కొంత గాలి, ఆయిల్ దూరుతాయి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు నీలిపొగ వస్తే అటు చూడండి.

మూసే పని

మానిఫోల్డ్ గాస్కెట్. కార్బురేటర్, లింకులు, సైలెన్సర్ పైపు విప్పి మానిఫోల్డ్ తీయాలి. పాత నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె వేయండి. బలవంతం చేస్తే స్టడ్ హెడ్‌లోనే విరుగుతుంది. పాత గాస్కెట్ ముక్కలు పూర్తిగా గీకండి, దారుల్లోకి చెత్త పడకుండా గుడ్డలు కుక్కండి, తర్వాత అవి తీయడం మరవకండి.

ఇప్పుడు మానిఫోల్డ్ ముఖం మీద నిటారు స్టీలు పట్టీ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.1 మి.మీ. రేకు సులువుగా దూరితే ముఖం వంగింది. ఇలాంటి ముఖానికి కొత్త గాస్కెట్ వేసినా మూడు నెలలే. బాలానగర్ వైపు లేత్, మిల్లింగ్ పనివాళ్లు ముఖం చదును చేసిస్తారు. మా బండికి అదే చేయించాను, వెనక కొస వంగి ఉంది.

ఇంకో చిన్న కిటుకు. రెండు మానిఫోల్డ్‌లూ విడివిడిగా ఉండి పక్కపక్కన బిగిసే చోట, ఒకే మందపాటి వాషర్ రెండింటి అంచులనూ కలిపి నొక్కుతుంది. ఒక అంచు రెండోదానికన్నా పలచగా ఉంటే వాషర్ మందంగా ఉన్నదాన్నే నొక్కుతుంది, పలచనిది వదులుగా మిగిలిపోతుంది. నట్టు ఎంత బిగించినా లీకు పోదు. అప్పుడు రెండు అంచులూ సమం చేయించాలి. వంగిపోయిన పాత వాషర్లు మళ్లీ వాడొద్దు.

నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి అటూ ఇటూ, రెండు మూడు విడతల్లో బిగించండి. ఒక కొస పూర్తిగా బిగించి రెండో కొసకు పోతే ముఖం మెలిక పడుతుంది. రెండు సార్లు వేడెక్కి చల్లారాక, చల్లగా ఉన్నప్పుడే మళ్లీ ఒకసారి బిగువు చూడండి.

కార్బురేటర్ అడుగు. కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య వేడి పైకి రాకుండా ఆపే దిమ్మ, దానికి కిందా పైనా పేపర్ గాస్కెట్‌లు ఉంటాయి. రెండూ మార్చండి. గట్టిగా బిగిస్తే మంచిదనుకుని ఏళ్ల తరబడి బిగించడం వల్ల కార్బురేటర్ చెవులు వంగుతాయి. మందపాటి అద్దం మీద సన్న ఎమెరీ పేపర్ పరిచి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దితే చదునవుతుంది. దొరక్కపోతే గాస్కెట్ పేపర్ కొని ఇంట్లోనే కత్తిరించుకోవచ్చు, కానీ రంధ్రాలు అసలుదానికన్నా చిన్నవి కాకుండా చూడండి.

స్పిండిల్. లేత్ పనివాడితో రంధ్రం పెద్దది చేయించి ఇత్తడి బుష్ వేయించాలి. నమ్మకమైన చేతికే ఇవ్వండి. బుష్ వంకరగా పడితే థ్రాటిల్ పలక ఇరుక్కుంటుంది, అది లీకు కన్నా ప్రమాదం.

పైపులు. పగిలిన గొట్టం కొస అర అంగుళం కోసి మళ్లీ తొడగడం దారిలో చేసే పని. ఇంటికి రాగానే కొత్తది వేయండి. మన దగ్గర డ్రిప్ మైక్రో ట్యూబ్, సైకిల్ ట్యూబ్ ఎప్పుడూ ఉంటాయి కదా అని వాటిని వాడొద్దు. ఇంజన్ వేడికి, పెట్రోల్ ఆవిరికి మెత్తబడి లోపలికి ముడుచుకుంటాయి. ఇంధనం కోసం చేసిన రబ్బరు గొట్టమే అడగండి.

వేయకూడనివి. మామూలు సిలికాన్ పేస్ట్ పెట్రోల్ తగిలితే ఉబ్బి ముక్కలై ఇంజన్‌లోకి పోతుంది. మానిఫోల్డ్ మీద ఎం-సీల్ వేడికి నిలవదు. ముఖం చదునుగా ఉంటే గాస్కెట్‌కు పేస్ట్ అవసరమే లేదు.

ఈ20 పెట్రోల్ సంగతి

2025 నుంచి మన బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. చెరకు, మొక్కజొన్న, నూకల నుంచి వచ్చేదే, మన రైతుల పంటే. కానీ మన పాత ఇంజన్ దాని కోసం పుట్టలేదు. రెండు విషయాలు గుర్తుంచుకోండి.

ఒకటి, ఇథనాల్ పాత కాలపు రబ్బరు, కార్కులను ఉబ్బించి, గట్టిపరిచి, పగిలేలా చేస్తుంది. ఇరవై ఏళ్లు నిలిచిన గొట్టం ఇప్పుడు తొందరగా పోవచ్చు. కొత్త గొట్టం కొనేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునేదా అని అడగండి.

రెండు, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది. ఉత్త పెట్రోల్ కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి దాదాపు 13.5 కిలోలు చాలు. కాబట్టి పాత జెట్‌లతో మిక్స్చర్ దానంతట అదే కొంచెం పలచబడుతుంది, ప్లగ్ కొద్దిగా తెల్లబడుతుంది. దీన్ని గాలి లీకు అనుకోకండి. తేడా ఇలా చూడాలి: ఇంధనం వల్ల వచ్చే పలచదనం అన్ని వేగాల దగ్గరా, నాలుగు సిలిండర్లలోనూ ఒకేలా ఉంటుంది. గాలి లీకు ఐడ్లింగ్‌లో ఎక్కువ, రోడ్డు మీద తక్కువ. ముందు లీకులన్నీ మూయండి, ఆ తర్వాతే జెట్ మార్చాలా వద్దా అని మెకానిక్‌తో మాట్లాడండి.

మూశాక చేయాల్సింది

లీకు మూయగానే బండి బాగైపోయిందని వదలకండి. ఇన్నాళ్లూ దాన్ని కప్పడానికి స్క్రూలు తిప్పి ఉన్నారు కదా. ఇప్పుడు పెట్రోల్ ఎక్కువై మసి పడుతుంది. ఇంజన్ వేడెక్కాక, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, ఐడ్లింగ్ వేగం, మిక్స్చర్ స్క్రూ రెండూ కొత్తగా సరిచేయాలి. పాయింట్ల గ్యాప్, టైమింగ్ చూశాకే ఇది చేయండి. పది రోజుల తర్వాత మళ్లీ ప్లగ్‌లు విప్పి చూడండి. నాలుగూ ఒకే రంగులో ఉంటే పని కుదిరినట్టు.

మా బండికి ఇప్పుడు గేజ్ 17 దగ్గర కదలకుండా నిలుస్తోంది. కార్బురేటర్ పాతదే, మార్చలేదు. అయిన ఖర్చు గాస్కెట్‌లు, ఒక గొట్టం, మిల్లింగ్ కూలి.

అంబాసిడర్ల తయారీ ఉత్తరపారాలో 2014లోనే ఆగిపోయింది. ఉన్నవాటిని నిలబెట్టుకోవడమే మిగిలింది. పొలంలోనైనా, బండిలోనైనా మందు మార్చే ముందు కారణం వెతకడం మనకు అలవాటే. కాబట్టి ఈసారి ఎవరైనా కార్బురేటర్ మార్చేయమంటే, ముందు నాలుగు ప్లగ్‌లు విప్పి వరుసగా పెట్టమని అడగండి. రంగులు చూసి మీరే చెప్పగలరు.

నీటి పిచికారీ పరీక్ష చప్పుడు స్పష్టంగా వినాలంటే వీడియో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. వచ్చే వారం మళ్లీ మడుల్లోకి వెళ్దాం, వెంచురీతో జీవామృతం పారించేటప్పుడు ఫిల్టర్ మూసుకుపోకుండా ఎలా వడకట్టాలో చూపిస్తాను. అందాకా మీ వెంచురీ సక్షన్ గొట్టం కూడా ఒకసారి చూసుకోండి. అదీ చుక్క కారకుండానే గాలి పీలుస్తుంది.